సైకిల్ పుల్లల సూదులు

మా మనవరాలికి అమ్మవారు పోసి ఒంటినిండా పొక్కులు వచ్చాయి. మా దిక్కు తల్లి వచ్చిందంటాం. వారం రోజులు బడికి పంపొద్దన్నారు. దానికి అంతకన్నా ఏం కావాలి! కామారెడ్డిలో మా ఇంటి ముందుగదిలో మంచమెక్కి, వెనకాల దిండ్లు పేర్చుకుని, పక్కన కథల పుస్తకాలు కుప్ప పోసుకుని, ఫోన్లో చూసి తెప్పించుకున్న ఊలు ఉండలూ ప్లాస్టిక్ సూదులూ ముందేసుకుని కూర్చుంది. ఒక పేజీ చదువుతుంది, ఒక వరుస అల్లుతుంది, ఒకసారి గోక్కుంటుంది.

"నానమ్మా, నీకు అల్లనీకొస్తదా?" అని అడిగింది.

"రాదు" అన్నాను. అబద్ధం. వస్తుంది. తల్లి వచ్చిన ఇంట్లో సూదులేందే అని నాలుక చివరిదాకా వచ్చింది కానీ మింగేశాను. ఈ కాలం కోడళ్ళ ముందు అలాంటి మాటంటే, ముసలిదానికి చాదస్తం అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వుతారు.

అసలు నా మనసు ముందురోజే చెడింది. పిల్లను చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ మందులు రాస్తూ, "ఇంట్లో కడుపుతోని ఎవరన్నా ఉన్నరా?" అని అడిగింది. మా కోడలి చెల్లెలికి నెలలు నిండాయి, పిల్లను చూసిపోతానంటోందని కోడలు చెప్పింది.

"అస్సలు రానియ్యొద్దు. చిన్నప్పుడు పోయనోళ్ళకు ఇది ఇట్టే అంటుకుంటది. కాన్పు ముంగట తల్లికొస్తే పుట్టిన బిడ్డకు ప్రాణం మీదికొస్తది" అందామె.

కోడలు సరేనని తలూపి చెల్లెలికి ఫోన్ కలిపింది. నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను. "ఏందత్తమ్మా, బీపీ ఎక్కువైందా?" అంది కోడలు. బీపీ కాదు, మా చిన్నత్త గుర్తొచ్చింది. రాజంపేటలో ఉంటుంది, డెబ్బై దాటాయి. తన మొదటి బిడ్డను తన సూదులే పొట్టన పెట్టుకున్నాయని ఇన్నేళ్ళుగా గుండె మీద బండ పెట్టుకుని బతుకుతోంది. మా ఇంటిల్లిపాదీ అదే నమ్మాం. ఇప్పుడు ఈ డాక్టరమ్మ ఒక్క మాటలో సూదులు కాదని తేల్చేసింది. మరి ఎవరు? ఆ వారం చిన్నత్త పక్కన పొక్కులతో పడుకున్నది నేనే కదా. ఈ వయసులో ఆమెకు ఈ సంగతి చెప్పాలా, వద్దా? ఆ వారమంతా మనవరాలి పక్కన కూర్చుని నేను నలిగింది దీని గురించే.

మాది ఎల్లారెడ్డి. రెండు గదుల ఇల్లు, ముందు వాకిలి. మా బాపు కామారెడ్డిలో రైసుమిల్లులో పనిచేసేవాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. అమ్మా, అవ్వా బీడీలు చుట్టేవాళ్ళు. అవ్వ అంటే బాపు తల్లి. ఇంట్లో ఆమె మాటే మాట. పొద్దున లేస్తే తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, కత్తెరల కిచకిచ. ఆ వాసన లేకపోతే నాకిప్పటికీ అది ఇల్లులా అనిపించదు.

చిన్నత్త బాపుకు ఆఖరి చెల్లెలు. నాకు పదేళ్ళప్పుడు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మామ కామారెడ్డిలో సైకిల్ దుకాణంలో పనిచేసి, అక్కడ ఏం మిగలడం లేదని దుబాయి పోయాడు. పోయేముందు రెండు సైకిల్ పుల్లలు తీసి, బండమీద కొనలు నూరి నున్నగా చేసి ఆమెకిచ్చాడు. పెళ్ళాలకు గాజులు తెచ్చిన మొగుళ్ళను చూశాను, చీరలు తెచ్చిన వాళ్ళనూ చూశాను. చక్రంలోంచి పుల్లలు ఊడదీసి ఇచ్చినవాడు ఆయనొక్కడే. వాటితోనే చిన్నత్త అల్లేది. నేర్పింది మా వాడకట్టులో కిరాయికుండే దవాఖాన సిస్టరమ్మ. మెడలో సిలువ గొలుసు, చేతిలో ఎప్పుడూ ఊలు. చిన్నత్తకు అల్లికంటే పిచ్చి. అన్నం ముందు పెట్టినా "ఈ వరుస ఒడవనియ్యి" అనేది.

ఎండలు మొదలవుతుండగా నాకు జ్వరం వచ్చింది, మర్నాడు వీపు మీద నీటిపొక్కులు లేచాయి. అవ్వ చూసి రెండు చేతులూ జోడించింది. "తల్లి వచ్చిందే మన ఇంటికి. సల్లగ ఆడుకొని సల్లగ పోవాలె" అంది. అంతే, ఇంటి చట్టం మారిపోయింది. గుమ్మానికి వేపరొట్ట, నా పక్క మీద వేపరొట్ట. పొయ్యిమీద తాలింపు లేదు, నీసు లేదు. తల దువ్వొద్దు, బట్టలు ఉతకొద్దు, చుట్టాలు రావద్దు. తంబాకు ఘాటు తల్లికి పడదని అమ్మా అవ్వా బీడీ చాటలు ఎత్తుకుని పక్కింటి అరుగు మీదికి పోయారు. అన్నిటికన్నా పెద్ద చట్టం ఇంకొకటి: ఇంట్లో ఇనుము కొన ఆడకూడదు. కత్తెర, సూది, కత్తిపీట ఏదీ ముట్టుకోవద్దు. "సూది ఆడితే తల్లికి గుచ్చుకుంటది. ఆమెకు గుచ్చుకున్నదా, పిల్ల ఒంటి మీద చూపిస్తది" అని అవ్వ అందరికీ గట్టిగా చెప్పింది.

పగలంతా నా దగ్గర ఉండేది చిన్నత్తే. నిండు మనిషి, బీడీలు చుట్టడానికి నడుం వంగదు. ఇంట్లో పెద్దవాళ్ళందరికీ చిన్నప్పుడే పోసింది, ఆమెకొక్కదానికే పోయలేదు. ఆ సంగతి అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినా, దగ్గర కూర్చుంటే అంటుతుందని అవ్వతో చెప్పేంత ధైర్యం ఎవరికుంది? తల్లి ఎవరిని చూడాలనుకుంటే వాళ్ళ దగ్గరికి వస్తుంది, అంతే.

మొదటిరోజు నిజంగానే పండగలా ఉంది. పంతులమ్మ ఇచ్చిన కథల పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. ముందు అట్టా పోయింది, వెనక కాగితాలూ పోయాయి. నేను పైకి చదివితే చిన్నత్త గోడకు ఆనుకుని, పొట్ట మీద చేతులేసుకుని వినేది. ఆఖరి కథ సగంలో తెగిపోయేది. రాజుకొడుకు అడవిలో దారి తప్పి, పులి ఎదురుపడ్డ దగ్గర కాగితం అయిపోయింది.

"పులి తిన్నదా అత్తా?"

"తినకేం జేస్తది! ఇంత పెరుగన్నం పెట్టిండు, తిన్నది. ఇద్దరు కలిసి ఇంటికి వచ్చిండ్రు" అంది చిన్నత్త. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఎందుకంటే మేమిద్దరం అప్పటికి పూటపూటా తింటోంది ఆ పెరుగన్నమే. పక్కింట్లోంచి పచ్చిపులుసు తాలింపు వాసన వస్తే ఇద్దరం ముక్కులెత్తి పీల్చేవాళ్ళం. ఒకసారి చిన్నత్త కొంగుచాటున చింతపండులో ఉప్పు నూరి తెచ్చింది. చెరో వేలుతో నాకి, మూతులు తుడుచుకుని, అవ్వ రాగానే దేవతల్లా కూర్చున్నాం. అవ్వ కూడా మధ్యమధ్య వచ్చి గడప దగ్గర కూర్చుని కథ వినేది. "సదువు పొల్లా, సదువు. తల్లికి కథలంటే పాణం" అనేది. తల్లికంటే ఎక్కువ తనకే ప్రాణం, ఒప్పుకునేది కాదు.

తర్వాత దురద మొదలైంది. అబ్బ, ఆ దురద! పడుకోలేను, కూర్చోలేను, పుస్తకం మీద చూపు నిలవదు. చేతులు వాటంతటవే ముఖం మీదికి పోయేవి. చిన్నత్త వేపరొట్టతో నిమిరేది, ఊదేది, చేతులు పట్టుకునేది. వదిలితే మళ్ళీ మొదలు. "గోకకే బిడ్డా, మొఖం మీద గుంతలు పడ్తయి. రేపు అద్దంల చూస్కొని ఏడుస్తవు" అంది. నేను అప్పుడే ఏడుస్తున్నాను. ఆమె కాసేపు అలాగే చూసి, లేచి, మక్కలు నిలవ చేసే గుమ్మిలో మోచేతి దాకా చెయ్యిపెట్టి ఒక మూట తీసింది. అందులో సైకిల్ పుల్లలు, పసుపుపచ్చ ఊలు, అరచేతంత స్వెట్టర్ ముక్క ఉన్నాయి.

పుట్టని బిడ్డకు బట్ట తయారు చెయ్యొద్దన్నది కూడా అవ్వ చట్టమే. అందుకే అది గుమ్మిలో దాగింది. అంటే చిన్నత్త అప్పటికే ఒక చట్టం తప్పింది, ఇప్పుడు నాకోసం రెండోది తప్పుతోంది.

"అత్తా, తల్లికి గుచ్చుకుంటదంట!" అన్నాను.

"పిల్ల గోక్కోకుండ కూసుంటే తల్లికి మాత్రం మంచిగనిపియ్యదా? చెయ్యి ఇటు తే. ఇది సీదా, ఇది ఉల్టా. ఒక సీదా, ఒక ఉల్టా" అంది.

రెండు చేతులకూ పని దొరికేసరికి గోకడం ఆగిపోయింది. ఆ వారం ఇక అలాగే గడిచింది. నేను అల్లుతుంటే ఆమె అట్టలేని పుస్తకం చదివేది, ఆమె అల్లుతుంటే నేను చదివేదాన్ని. అవ్వ కాళ్ళ కడియాలు మోగితే అంతా గుమ్మిలోకి. ఒకసారి ఉండ జారి గడప దాకా దొర్లిపోయింది. కడియాల చప్పుడు దగ్గరికొచ్చేసింది. నేను ఒక్క ఉరుకు ఉరికి దానిమీద కూర్చున్నాను. "తొవ్వల కూసున్నవేందే, లేవు" అంది అవ్వ. "కండ్లు తిరుగుతున్నయవ్వా" అన్నాను. పాపం, అవ్వ భయపడిపోయి, "తల్లీ, పసిపిల్ల, దయ చూడు" అని అక్కడికక్కడే నాకు దండం పెట్టింది. కింద ఊలు ఉండ పెట్టుకుని అవ్వ చేత దండం పెట్టించుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా బతుకులో అంత హాయైన వారం మళ్ళీ రాలేదు. అందుకే అది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

పొక్కులు మాడాయి. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్ళతో తలంటి పోశారు. పోచమ్మకు బోనం పెట్టారు. ఇంట్లో మళ్ళీ తాలింపు చిటపటలాడింది, తంబాకు వాసన వచ్చింది. నా ముఖం మీద ఒక్క మచ్చ మిగలలేదు. మా స్వెట్టర్‌కు ఒక చెయ్యి మాత్రం అల్లాల్సి ఉంది.

నేను బడికి పోతున్నాను, అంతా మర్చిపోయాం అనుకుంటుండగా చిన్నత్తకు జ్వరం వచ్చింది. పొక్కులు నాకు వచ్చినట్టు తేలిగ్గా రాలేదు. గొంతులో, కళ్ళల్లో కూడా. ఆ జ్వరంలోనే నొప్పులొచ్చాయి. సిస్టరమ్మ వచ్చి పురుడు పోసింది. ఆడపిల్ల. తలనిండా జుట్టు. నన్ను గడప దాటనివ్వలేదు. అమ్మ భుజం మీదుగా ఆ జుట్టొక్కటే చూశాను. దవాఖానకు తీసుకుపోదామని సిస్టరమ్మ బతిమాలింది. తల్లి ఉన్న ఒంటికి సూదిమందు ఎట్లా ఇప్పిస్తామని అవ్వ కదలలేదు. కొన్నాళ్ళకే బిడ్డ ఒంటిమీద కూడా పొక్కులు లేచాయి. బాపు కామారెడ్డి నుంచి పరుగున వచ్చి, అవ్వ మాట కాదని జీపు మాట్లాడుకొచ్చేసరికే అయిపోయింది. ఆ బిడ్డకు తొట్టెల కూడా వెయ్యలేదు, పేరూ పెట్టలేదు.

ఆ తర్వాతి పగలు నాకు బాగా గుర్తుంది. వాకిట్లో ఆడవాళ్ళు కూర్చున్నారు. పక్కింటామె ముక్కు చీదుతూ, "ఇంటికి తల్లిని తోలుకొచ్చింది ఈ పొల్లనే కదనే. దీన్ని వదిలి ఆ పసిగుడ్డును పట్టుకపోయింది" అంది. అవ్వ తలెత్తి నావైపు చూసింది. కోపం కాదు. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. నేను గోడకు కరుచుకుపోయాను.

అప్పుడు లోపలి నుంచి చిన్నత్త వచ్చింది. నిలబడే ఓపిక లేదు, గోడ పట్టుకుని వచ్చింది. గుమ్మిలోంచి తీసిన మూట అవ్వ ముందు పెట్టింది. "నేనే అవ్వా. తల్లి ఇంట్ల ఉండంగ నేనే సూదులాడించిన. పుట్టకముందే బట్ట గూడ అల్లిన. తప్పు నాదే" అంది.

అవ్వ ఆ మూటను చూసి గుండెలు బాదుకుంది. కన్నబిడ్డని కూడా చూడకుండా చిన్నత్తను ఎన్ని మాటలన్నదో! ఒంటిచేతి స్వెట్టర్‌ను పొయ్యిలో వేసింది. ఊలు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. పుల్లలను పాత ఇనుపసామానువాడికి వేసింది. నేను కూడా అల్లానని చెప్పబోతే చిన్నత్త నా చెయ్యి పట్టి గట్టిగా నొక్కింది. ఎందుకో తెలియలేదు.

చిన్నత్తకు ఆ తర్వాత ఇద్దరు పిల్లలు పుట్టారు, బాగున్నారు. మామ దుబాయి నుంచి వచ్చి రాజంపేటలో పొలం చేసుకున్నాడు. ఆమె మాత్రం మళ్ళీ ఊలు ముట్టలేదు. ఎవరింట్లోనైనా ఆడవాళ్ళు అల్లుతూ కనిపిస్తే ముఖం తిప్పుకునేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నాకొక పుస్తకం తెచ్చేది. నేనూ సూదులు పట్టలేదు. మంచి బట్టలు కట్టుకున్నా, పుస్తకం చదువుకున్నా, ఆ గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందు కనిపించేది.

మనవరాలికి తగ్గి స్నానం పోసిన మర్నాడే రాజంపేట బస్సెక్కాను. చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. తిడితే తిట్టనీ, ముఖం చూడనంటే అననీ, ఆ బండ మాత్రం ఆమె గుండె మీద నుంచి దింపాలి. మనవరాలు తన చిక్కుపడ్డ అల్లిక నా సంచిలో కుక్కి, "నీకు రాకపోతే ఎవరికన్నా చూపియ్యి నానమ్మా" అంది.

చిన్నత్త వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మామ పోయి నాలుగేళ్ళయింది. కొడుకూ కోడలూ పొలానికి పోయారు. నేనూ ముందు కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను. మంచీచెడ్డా అయ్యాయి. ఇక ఆగలేక అనేశాను.

"అత్తా, సూదులది తప్పు కాదే. నాకు పోసింది నీకంటింది, నీది బిడ్డకంటింది. డాక్టరమ్మ చెప్పింది. నీ బిడ్డను తిన్నది నేనే."

చిన్నత్త చేతిలో గింజను చాటలో వేసి, ఇంకో పండు తీసుకుంది.

"గిది చెప్పనీకెనా ఇంత ఎండల పడి వచ్చినవు? నాకు గప్పుడే ఎరుక" అంది.

"ఎట్లా?"

"సిస్టరమ్మ చెప్పింది. బిడ్డ ఇంక పాణంతోని ఉండంగనే చెప్పింది, పిల్ల కాడినుంచి అంటిందమ్మా అని."

"మరి సూదులు తెచ్చి అవ్వ ముందల ఎందుకు పెట్టినవే?"

"నీ మతి మండ, యాదికి లేదా? పక్కింటామె ఏమన్నది? అవ్వ నీ దిక్కు ఎట్ల చూసింది? పదేండ్ల పొల్లవు. ఇంట్ల పసిగుడ్డును మింగిందన్న పేరొకటి పడ్తే సచ్చేదాక పోతదానే? బడిల అదే మాట, బాయికాడ అదే మాట, రేపు లగ్గానికి అదే మాట. సూదులకేమైతది? ఇనుప పుల్లలాయె. వాటికి లగ్గం గావాల్నా, బతుకు గావాల్నా?"

నాకు ఏడుపు ఆగలేదు. అంత వయసొచ్చి, మనవరాలున్నదాన్ని, వాకిట్లో చింతపండు ముందు కూర్చుని పసిపిల్లలా ఏడ్చాను. ఆమె ఆపలేదు, ఓదార్చలేదు. గింజలు తీస్తూనే ఉంది.

"మరి మళ్ళ ఎన్నడు ముట్టుకోలేదేంది? నీకంత పాణం కదనే అవంటే" అని అడిగాను.

"తప్పంత సూదుల మీద ఏసి, మళ్ళ గవే సూదులు పట్టుకుంటే నా మాట ఎవరు నమ్ముతరే? మళ్ళ నీ దిక్కే చూస్తుండిరి."

అవ్వ చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ అనలేదు, బాపు అనలేదు, వాడకట్టులో ఎవరూ అనలేదు. నా పెళ్ళి సంబంధానికి ఏ అడ్డూ రాలేదు. ఎందుకు రాలేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. అదంతా నా అదృష్టమనుకున్నాను.

కళ్ళు తుడుచుకోవడానికి సంచిలో రుమాలు వెతుకుతుంటే మనవరాలి ఊలు బయటికి వచ్చింది. చటుక్కున లోపలికి తోసేశాను. చిన్నత్త చూసేసింది.

"ఏందది?"

"ఏం లేదత్తా. పొల్లది."

చిన్నత్త చింతపండు చేతులు నీళ్ళ చెంబులో కడుక్కుంది. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది.

"మీ అవ్వ పోయింది, మీ అమ్మ పోయింది, మా అన్న పోయిండు. నమ్మాల్సినదానివి నువ్వొక్కదానివే మిగిలినవు. ఇప్పుడు నీకు గూడ ఎరుకైపాయె. ఇంక ఎవరి కోసం ఆపాలె? తే ఇటు" అంది.